నాలుగున్నర కేజీల ర్యాంపు: చేసినప్పుడు, పరీక్షించినప్పుడు నా అనుభవం

మా మేనమామది మర్రిగూడ మండలంలో ఒక పల్లె. నలభై ఏళ్లు నిండకముందే ఆయన నడుము వంగిపోయింది. ఇప్పుడు పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం అది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఉండకూడని ఫ్లోరైడ్, ఆ రోజుల్లో మా వైపు బోర్లలో ఎన్నో రెట్లు ఉండేది. ఇప్పుడు నల్లాలో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ బిగుసుకుపోయిన కీళ్లు నీళ్లు మారితే తిరిగి రావు. ఐదేళ్లుగా మామకు చక్రాల కుర్చీయే దిక్కు.

ఇంటి ముందు ఒకటే మెట్టు, 15 సెంటీమీటర్లు. దాని మీదికి కుర్చీ ఎక్కించడానికి చెకర్ ప్లేటుతో ఒక ఇనుప ర్యాంపు చేయించాం. అది 35 కేజీలు. సందు ఇరుకు కాబట్టి దాన్ని అక్కడే వదిలేస్తే బర్రెలు పోవు, ట్రాక్టరు అసలే పోదు. పొద్దున వేయాలి, తీయాలి, సాయంత్రం మళ్లీ వేయాలి, తీయాలి. వేసేదీ తీసేదీ అత్తమ్మే. ఆమె తాగిందీ అవే నీళ్లు, ఆమె మోకాళ్లూ అంతంతమాత్రమే. ఒకరోజు నేను పోయేసరికి ర్యాంపు గోడకు ఆనించి ఉంది, మామ లోపలే ఉన్నాడు. మూడు రోజులుగా బయటికి రాలేదట. "నాతోటి లేస్తలేదు బిడ్డా" అంది అత్తమ్మ. అంతకుమించి ఏమీ అనలేదు.

నేను నల్లగొండలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్తాను. శాండ్‌విచ్ స్ట్రక్చర్ (రెండు పలచని రేకుల మధ్య తేలికైన మందపాటి సరుకు) గురించి బోర్డు మీద ఎన్నోసార్లు బొమ్మ గీశాను, చేత్తో ఒక్కటీ చేయలేదు. ఆ రోజు తిరుగు బస్సులో టికెట్ వెనకాల లెక్క వేశాను.

లెక్క ఇది. ర్యాంపు 120 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు. కుర్చీతో కలిపి మామ బరువు వంద కేజీలకు కొంచెం తక్కువ. 19 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే పది, పదకొండు కేజీలు, పైగా రెండు వానలకు ఉబ్బిపోతుంది. అల్యూమినియంతో నాకు పది కేజీల దగ్గర తేలింది. అదే ఒక్కో మిల్లీమీటరు మందం ఉన్న రెండు కార్బన్ ఫైబర్ రేకుల మధ్య 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ తేనెపట్టు, అంటే తేనెపట్టులా చిన్న గదులున్న పలక, పెడితే నాలుగు కేజీల దగ్గర. ఐ గర్డర్‌కు పైన, కింద పట్టీలు ఎందుకు ఉంటాయో ఇదీ అందుకే పనిచేస్తుంది. వంగేటప్పుడు పై పొర నలుగుతుంది, కింది పొర సాగుతుంది, నడుమ ఉన్న సరుకు వాటిని దూరంగా పట్టి ఉంచితే చాలు. ఆ రెండు రేకులనూ ఒకదానికొకటి అంటించి వాడితే వచ్చే బిగువు కంటే, 20 మిల్లీమీటర్లు ఎడం చేసి వాడితే వచ్చే బిగువు మూడు వందల రెట్లు ఎక్కువ. ఆ ఎడం కోసం కలిసే బరువు చదరపు మీటరుకు 1.6 కేజీలే.

కార్బన్ పోగులను పట్టి ఉంచడానికి ఎపాక్సీ అనే జిగురుతో చేసుకుంటే సులువు కదా అని నా దగ్గర చదివిన పిల్లలే అడిగారు. నిజమే. ఎపాక్సీ నీళ్లలా పారుతుంది, బ్రష్షుతో పూసి వదిలేస్తే గట్టిపడుతుంది. కానీ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. ఎక్కడైనా పొర లేచిందంటే గీకి, మళ్లీ కలిపి పోయాల్సిందే. థర్మోప్లాస్టిక్ అలా కాదు, వేడి చేస్తే మెత్తబడుతుంది, చల్లారితే బిగుస్తుంది, మళ్లీ మళ్లీ. ఊళ్లో వాడే వస్తువు ఊళ్లోనే బాగుపడాలన్నది నా పట్టుదల. అలాంటి ప్లాస్టిక్కుల్లో పాలీప్రొపిలీన్ ఎంచుకున్నాను. 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది, చవక, నీళ్లు పీల్చదు. నైలాన్ ఇంకా బలమైనదే కానీ తేమ పీలుస్తుంది, 220 డిగ్రీలు కావాలి, వాడేముందు గంటలకొద్దీ ఆరబెట్టాలి.

ముందు కాలేజీ వెనక షెడ్డులో చిన్న ప్రెస్ కట్టుకున్నాం. లారీ జాక్, చానెల్ ఇనుముతో ఫ్రేము, 30 సెంటీమీటర్ల చదరపు ప్లేట్లు రెండు, వాటిలో రాడ్ హీటర్లు, వేడిని పట్టి ఉంచే కంట్రోలర్. కార్బన్ పోగులతో నేసిన బట్ట చదరపు మీటరుకు 200 గ్రాములది. నాలుగు పొరల బట్ట, వాటి పైనా కిందా నడుమా కలిపి ఐదు పొరల 100 మైక్రాన్ల పాలీప్రొపిలీన్ ఫిల్మ్. ఇలా పేర్చి 200 డిగ్రీల దాకా వేడి చేసి నొక్కితే ప్లాస్టిక్ కరిగి బట్టలోకి దిగాలి.

దిగలేదు. కరిగిన ప్లాస్టిక్ పాకం కంటే చిక్కన. ఎపాక్సీతో పోలిస్తే వెయ్యి రెట్లు, అంతకన్నా ఎక్కువే చిక్కగా ఉంటుంది. ఐదు నిమిషాలు నొక్కి తీసిన మొదటి రేకు అంచును గోటితో గీకితే లోపలి పోగులు పొడిగా, వెంట్రుకల్లా లేచి వచ్చాయి. ఇరవై నిమిషాలు ఉంచితే ప్లాస్టిక్ దిగింది కానీ పోగును పట్టుకోలేదు. పాలీప్రొపిలీన్‌కు అసలు దేన్నీ పట్టుకునే గుణం లేదు, బజారులో దొరికే కార్బన్ పోగు మీద పూత కూడా ఎపాక్సీ కోసం పూసిందే. అంటుకునే గుణం తెచ్చే మలేయిక్ అన్‌హైడ్రైడ్ కలిపిన పాలీప్రొపిలీన్ ఫిల్మ్ తెప్పించాక తేడా కనబడింది. అప్పుడు రేకును విరిస్తే పోగులు ప్లాస్టిక్‌తో కలిసి విరిగాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కార్బన్ దుమ్ము కరెంటును పోనిస్తుంది. మేం షెడ్డులోనే కటింగ్ చేశాం, మూడో రోజు కంట్రోలర్ లోపల దుమ్ము చేరి షార్టయి కాలిపోయింది. అప్పటినుంచి కోసే పని బయట, తడిపి, మాస్కు కట్టుకుని. దురద మాత్రం తప్పలేదు.

రేకులు కుదిరాయి. అసలు కష్టం వాటిని తేనెపట్టుకు అతికించడంలో ఉంది. ఈ పని మొత్తంలో నేను నేర్చుకున్నది ఏదైనా ఉందంటే అది ఈ అతుకు దగ్గరే.

చిక్కు ఇది. రేకులో ఉన్నది పాలీప్రొపిలీన్, తేనెపట్టూ పాలీప్రొపిలీనే. రెండూ ఒకే వేడికి కరుగుతాయి. అతకాలంటే కరగాలి. కరిగితే తేనెపట్టు కూలుతుంది. మొదటిసారి అన్నీ కలిపి ప్రెస్‌లో పెట్టాను. తీసి చూస్తే 20 మిల్లీమీటర్ల కోర్, అంటే నడుమ ఉన్న తేనెపట్టు, 4 మిల్లీమీటర్ల ముద్దయింది. రెండోసారి నాలుగు మూలలా ఇనుప ముక్కలు అడ్డం పెట్టి, ప్లేట్లు అంతకంటే దిగకుండా చేసి, 170 దగ్గర ఉంచాను. అతుకు గట్టిగా వచ్చింది కానీ గదుల గోడలు పైనుంచి మూడు మిల్లీమీటర్ల మేర కరిగి ఒక పక్కకు ఒరిగాయి. గాలికి పడిపోయిన జొన్న చేనులా ఉంది.

మూడో పద్ధతి, రేకును మాత్రమే 190 దాకా వేడి చేసి, చల్లగా ఉన్న కోర్ మీద గబుక్కున వేసి నొక్కడం. మిల్లీమీటరు మందం రేకు ప్రెస్ బయటికి రాగానే వేడి పోగొట్టుకుంటుంది. ఇద్దరు పిల్లలు, ఒక స్టాప్‌వాచ్. పన్నెండు సెకన్లు పట్టిన ముక్కలు చూడ్డానికి బాగానే అతికినట్టున్నాయి, చేత్తో లాగితే ఊడాయి. ఐదారు సెకన్లలో వేసిన ముక్కలు లాగినా రాలేదు. కోసి భూతద్దంలో చూస్తే తేడా తెలిసింది. మంచి అతుకులో గది గోడ రేకును తాకే చోట రెండు వైపులా కరిగిన ప్లాస్టిక్ చిన్న వంపుగా ఎక్కి ఉంది, గ్లాసు అంచున నీళ్లు ఎగబాకినట్టు. చెడ్డ అతుకులో ఆ వంపు లేదు, గోడ ఊరికే ఆనుకుని ఉంది.

చిన్న ముక్కకు ఐదు సెకన్లు చాలు. కానీ 120 సెంటీమీటర్ల రేకు వేడెక్కితే తడి బట్టలా వేలాడుతుంది. దాన్ని ఐదు సెకన్లలో ఎవరు మోస్తారు? రెండు వారాలు అక్కడే ఆగిపోయాను.

దసరా సెలవులకు మామ ఇంటికి పోయాను. అత్తమ్మ జొన్న రొట్టెలు చేస్తోంది. చేతి మీద ఉన్న రొట్టెను కాలుతున్న పెనం మీదికి జార్చింది, పైన తడిగుడ్డ అద్దింది. కింది వైపు బిగిశాక తిప్పింది. కదలాల్సింది పచ్చి రొట్టె, వేడి పెనం పొయ్యి మీదే ఉంటుంది. నేను ఇన్నాళ్లూ పెనాన్ని మోయాలని చూస్తున్నాను. వేడి రేకును కదిలించకుండా, చల్లగా బిగువుగా ఉన్న కోర్‌నే తెచ్చి దాని మీద దించితే సరిపోదా?

సరిపోయింది. పెద్ద పొయ్యి కోసం ఒక పౌడర్ కోటింగ్ షాపు అన్నను అడిగాను. గేట్లకు, గ్రిల్స్‌కు రంగు కాల్చే ఓవెన్ అది, 200 డిగ్రీలు దాటి పోతుంది. రాత్రి తన పని అయ్యాక వాడుకోమన్నాడు, గ్యాసు ఖర్చు తప్ప పైసా తీసుకోలేదు. అంత పెద్ద రేకును జాక్‌తో నొక్కలేం. అందుకే అల్యూమినియం షీటు మీద టెఫ్లాన్ క్లాత్ పరిచి, పొరలు పేర్చి, వేడికి తట్టుకునే నైలాన్ సంచిలో మూసి, పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో గాలి లాగేశాం. బయటి గాలే నొక్కుతుంది. ఒత్తిడి తక్కువ కాబట్టి 205 డిగ్రీల దగ్గర గంట. మొదటి రాత్రి సంచి ఒక మూల కారింది, రేకు అంచులో పోగులు పొడిగా మిగిలాయి. అంత బట్ట దండగైంది. ఆ రాత్రి ఇంటికి పోయేటప్పుడు ఎవరితోనూ మాట్లాడలేదు.

అతుకు వేసిన రాత్రి మాత్రం నాకు ఇంకా కళ్ల ముందు ఉంది. షీటు మీద రేకు, దాని మీద అదనంగా ఒక ఫిల్మ్. 185 దాకా వేడెక్కాక ఓవెన్ తలుపు తెరిచి, ట్రాలీని సగం బయటికి లాగి, ఇద్దరం చెరో వైపు పట్టుకుని కోర్‌ను సమంగా దించాం. పైన ప్లైవుడ్, దాని మీద ఇటుకలు. వెంటనే షీటు కింద తడి గోనెసంచులు తోశాం. అల్యూమినియంలో దాగిన వేడి కోర్‌ను ఇంకా కరిగిస్తూ ఉంటుంది, దాన్ని ఆపాల్సింది ఆ తడే. ఆవిరి భగ్గున లేచింది. చల్లారాక కొలిస్తే కోర్ అర మిల్లీమీటరు మాత్రమే దిగింది. తర్వాత రొట్టె తిప్పినట్టే, రెండో వైపు.

ఇప్పుడు పరీక్షలు. కాలేజీ ల్యాబులో ఉన్న యూటీఎం (ముక్కలను లాగి, నొక్కి బలం కొలిచే మెషిన్) 40 టన్నులది, ఇనుప కడ్డీలు తెంచడానికి. మా ముక్క 160 కేజీల దగ్గర లొంగుతుందని లెక్క. మూటల కాటా మీద ఉంగరం తూచినట్టు అవుతుంది. కాబట్టి ముక్కలను హైదరాబాద్‌లో ఒక టన్ను మెషిన్ ఉన్న ల్యాబుకు పట్టుకుపోయాను.

మూడు బిందువుల బెండింగ్ పరీక్షకు (ముక్కను రెండు ఆధారాల మీద పెట్టి నడుమ నొక్కడం) ఏఎస్‌టీఎం సీ393 అనే ప్రామాణిక పద్ధతి పాటించాం. ముక్క 200 మిల్లీమీటర్ల పొడవు, 75 వెడల్పు, ఆధారాల మధ్య 150. పొట్టి ముక్కను నడుమ నొక్కితే రేకు విరిగేలోపే కోర్ కోతకు (పై పొర ఒక పక్కకు, కింది పొర ఇంకో పక్కకు జరిపే ఒత్తిడికి) లొంగుతుంది. కోర్ బలం తెలియాలంటే అదే కావాలి. ఫట్‌మని విరుగుతుందని ఎదురుచూశాను. విరగలేదు. పాలీప్రొపిలీన్ గోడలు మెల్లగా వాలుతూ పోయాయి, గ్రాఫ్ గీత గుండ్రంగా తిరిగింది. ఐదు ముక్కల్లో నాలుగు 150 నుంచి 165 కేజీల మధ్య లొంగాయి. ఐదోది 90 దగ్గరే ఆగింది, రేకు కోర్ నుంచి లేచిపోయింది. అది ఎనిమిదో తొమ్మిదో సెకన్లకు వేసిన ముక్క అని నా నోటుబుక్కులో ఉంది.

ఆ ఐదో ముక్క నాకు మిగతా నాలుగింటి కంటే ఎక్కువ చెప్పింది. అందుకే అతుకును నేరుగా లాగి చూసే పరీక్ష కూడా చేయించాను. 50 మిల్లీమీటర్ల చదరపు ముక్కకు పైనా కిందా లోహపు దిమ్మెలు అంటించి విడదీయడం. ఇక్కడ కొత్త తంటా, దిమ్మెలు పాలీప్రొపిలీన్‌కు అంటుకోవు. గరుకు కాగితంతో రుద్ది, గ్యాసు మంటను రేకు మీద ఒక్కసారి అలా తడిమించాక జిగురు పట్టింది. మంచి అతుకులు చదరపు మిల్లీమీటరుకు 0.7 న్యూటన్ల దగ్గర తెగాయి, చెడ్డవి 0.2 దగ్గరే. అంకెల కంటే తెగిన ముఖం ముఖ్యం. మంచి ముక్కలో రేకుకు తేనెపట్టు గోడలు చిరిగి అంటుకునే ఉన్నాయి, అంటే అతుకు కాదు, కోరే తెగింది. చెడ్డ ముక్కలో రేకు నున్నగా ఉంది, దాని మీద గదుల ముద్రలు మాత్రం వరుసగా, ముగ్గేసినట్టు.

మెషిన్ చెప్పనిది ఒకటి ఉంది. మా నల్లగొండ ఎండ. మే నెలలో నల్లటి రేకు ముక్కను మేడ మీద పెట్టి వేడి కొలిచే థర్మోకపుల్ తీగ ఆనిస్తే మధ్యాహ్నం రెండింటికి 71 డిగ్రీలు చూపించింది. ఆ వేడిలో పాలీప్రొపిలీన్ కరగదు కానీ బిగువు సగానికి పైగా తగ్గుతుంది, బరువు కింద మెల్లగా సాగుతుంది. ల్యాబులో 25 డిగ్రీల దగ్గర తీసిన అంకెలు పట్టుకుని మామను దాని మీద ఎక్కించలేను. అందుకే పూర్తి ర్యాంపును మేడ మీదే రెండు దిమ్మెల మీద పెట్టి, మిర్యాలగూడ మిల్లు బియ్యం, 25 కేజీల సంచులు నాలుగు నడుమ పేర్చి, కింద వంపు కొలిచే డయల్ గేజ్ పెట్టాను. లెక్క ప్రకారం ఏడు మిల్లీమీటర్లు వంగాలి. పొద్దున ఎనిమిది వంగింది. మధ్యాహ్నానికి 13. మూడు రోజులు అలాగే ఉంచి సంచులు తీస్తే, తెల్లారేసరికి రెండు మిల్లీమీటర్ల వంపు తప్ప మిగిలింది వెనక్కి వచ్చింది. మామ ర్యాంపు మీద ఉండేది అర నిమిషం. మూడు రోజులు కాదు. అయినా ఆ 13 నాకు నచ్చలేదు.

కాబట్టి రెండో ర్యాంపు చేశాను. పై పొరగా ఎండకు తట్టుకునే తెల్ల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ వేశాం. అదే ఎండలో 58 డిగ్రీలకు మించలేదు, వంపు పదికి తగ్గింది. చక్రం జారకుండా ఆ ఫిల్మ్ మెత్తగా ఉన్నప్పుడే కడిగి ఆరబెట్టిన ఇసుక చల్లాం. అంచుల్లో నీళ్లు పోకుండా పాలీప్రొపిలీన్ పట్టీలు వేడిగాలి గన్‌తో వెల్డ్ చేశాం. అల్యూమినియం పట్టీలు, స్క్రూలు ఎక్కడా వాడలేదు. కార్బన్‌కు తాకి తడిస్తే అల్యూమినియాన్ని తుప్పు తినేస్తుంది. అన్నీ కలిపి కాటా మీద పెడితే 4.5 కేజీలు.

ఒక మాట దాచకూడదు. 15 సెంటీమీటర్ల మెట్టుకు 120 సెంటీమీటర్ల ర్యాంపు అంటే ఒకటికి ఎనిమిది వాలు. ఎవరి సాయం లేకుండా ఎక్కాలంటే ఒకటికి పన్నెండు ఉండాలి, అంటే 180 సెంటీమీటర్లు. మా సందులో అంత చోటు లేదు. మామ కుర్చీని ఎప్పుడూ ఎవరో ఒకరు నెడతారు కాబట్టి ఒప్పుకున్నాను.

బస్సులో సంకలో పెట్టుకుని తీసుకుపోయాను. కండక్టర్ లగేజీ టికెట్ కూడా అడగలేదు. మామ దాన్ని చూసి చాలాసేపు నమ్మలేదు. "గీ అట్ట నన్ను మోస్తదారా?" అన్నాడు. ముందు నేను ఎక్కి ఎగిరి చూపించాను. అప్పుడు అత్తమ్మ వంగి ఒక్క చేత్తో లేపింది. లేపి అలాగే పట్టుకుని నిలబడింది, కింద పెట్టలేదు.

పోయేముందు మామకు ఒక పని నేర్పాను. రూపాయి బిళ్లతో ర్యాంపు అంతా కొట్టుకుంటూ పోవాలి. అతుకు బాగున్న చోట టంగుమని తేటగా మోగుతుంది, లోపల లేచిన చోట మొద్దుగా, డబ్‌మని వస్తుంది. విమానాల ప్యానెళ్లకు కూడా ఈ బిళ్ల పరీక్ష చేస్తారు. మామ చేతులు అంతవరకు ఆడతాయి. పదిహేను రోజులకోసారి ఒడిలో పెట్టుకుని కొట్టి చూసి ఫోన్ చేసేవాడు.

మొన్న వానాకాలంలో ఫోన్ వచ్చింది. "ఎడమ దిక్కు కింది మూల మబ్బుగ మోగుతంది రా, సుద్దతోటి గీత కొట్టిపెట్టిన." ట్రాక్టర్ ట్రాలీ చక్రం అంచు మీదుగా పోయిందట. ఆదివారం పోయి చూస్తే ఆయన గీసిన సుద్ద గీత లోపల సరిగ్గా ఆరు సెంటీమీటర్ల మేర రేకు లేచి ఉంది. గీత బయట బిళ్ల మోత తేటగా ఉంది. ర్యాంపును అరుగు మీద బోర్లా వేశాను. మూల మీద టెఫ్లాన్ క్లాత్ పరిచి, అత్తమ్మ ఇస్త్రీ పెట్టెను కాటన్ గుర్తు దాకా తిప్పి, దాని మీద పెట్టి, క్లాత్ కింద ప్లాస్టిక్ మెత్తబడడం చేతికి తెలిశాక ఇస్త్రీ పెట్టె తీసి, తడిగుడ్డ వేసి సన్నికల్లు పెట్టాను. పావుగంట. మామ బిళ్ల అందుకుని కొట్టాడు. రెండు మూడుసార్లు కొట్టి, చెవి దగ్గరికి వంగలేడు కాబట్టి అత్తమ్మను వినమన్నాడు.

"మోగుతంది" అంది అత్తమ్మ, ఇస్త్రీ పెట్టె వైరు చుట్టుకుంటూ.